నిద్రాభంగము

పలనాటిసీమయందు గుత్తికొండ బిలమను సున్నపురాతి గుహ కలదు. ముచికుందుడు నిద్రించినది ఇచ్చటనే యని ఆ ప్రాంతమువారి విశ్వాసము. దేవతల పక్షమున చిరకాలము పోరాడి అలసిన యా రాజు నిద్రనే వరముగా కోరుకొనెననియు, కృష్ణుని తరుముచు వచ్చిన కాలయవనుడు నిద్రితుని కాలదన్ని, యాతడు కన్ను తెరచి చూచినంతనే భస్మమయ్యెననియు పురాణగాథ. కథ జరిగినదా లేదా యను విచారణ నాకిప్పు డక్కరలేదు. అందలి న్యాయమును మాత్రము పాఠకులు గమనింపవలయును. నిద్ర చెరచినవాడు కాలిపోయినాడు; మేల్కొన్నవానికి నష్టమేమియు లేదు.

ప్రకృతిలో జరుగునది ఇందుకు విపరీతముగా నున్నది. గుహావాసియైన గబ్బిలమునే చూడుడు. రెంటచింతల యెండల నెరిగినవారికి వేరుగ చెప్ప నక్కరలేదు గాని, మన సీమ గుహలు మాఘమాసమున సైతము వెచ్చగనే యుండును. కావున నెలల తరబడి సాగు శీతనిద్ర ఇచ్చటి గబ్బిలములకు లేదు. ఉత్తర అమెరికాలో మంచు కురియు సీమల స్థితి వేరు. అచ్చట శీతకాలమున పురుగు దొరకదు. తులమెత్తైనను తూగని చిన్న గోధుమవన్నె గబ్బిలము ఆకురాలు కాలమున క్రొవ్వు కూడబెట్టుకొని గుహ చేరి, తన దేహమును గుహగోడవలె చల్లబడనిచ్చి, ఇంచుమించు ఊపిరి లేనిదానివలె వ్రేలాడును. 5 డిగ్రీల చల్లదనమున నున్న యా దేహము మేల్కొనునపుడు అరగంటలోనో గంటలోనో 37 డిగ్రీలకు చేరవలయును. బయటినుండి వేడి యిచ్చువారు లేరు. ఆ నిప్పు లోపలనే పుట్టవలయును.

దాని భుజముల నడుమ గోధుమవన్నె క్రొవ్వొకటి యున్నది. సాధారణ జీవకణమున ఆహారము దహింపబడగా కలుగు శక్తి నాగార్జునసాగరమున నిలిపిన నీటివంటిది. యంత్రచక్రముల మీదుగా పారి పనికివచ్చు బలముగా మారును. ఈ క్రొవ్వునందు మాత్రము ఒక ప్రత్యేకమైన మాంసకృత్తు చక్రములను తప్పించి వేరొక తూము తెరచును. పని జరుగదు, శక్తి యంతయు వేడియగును. ఆ వేడి మొదట గుండెను మెదడును చేరును. వెనుక భాగము కొంతసేపు చల్లగనే యుండును. పిదప కండరములు వణకనారంభించి మిగిలిన పని పూర్తిచేయును. మన యిండ్లలో పుట్టిన పసికందునకును వీపున ఇట్టి క్రొవ్వే కలదు. పెద్దలవలె వణకుట చేతగాని శిశువును చలినుండి కాపాడునది యదియే.

ఈ నిప్పు మిక్కిలి ఖరీదైనది. ఒక్కమారు మేల్కొనుటకు కాలిపోవు క్రొవ్వు రమారమి రెండు నెలల నిద్రకు సరిపోవునని కెనడాలోని విద్వాంసుడు డొనాల్డ్ థామస్ గణించెను. ఆయనయే 1995లో మరియొక పరిశీలనమును ప్రకటించెను. మనుష్యులు గుహలోనికి పోయి, దేనిని తాకక కొద్దిసేపుండి తిరిగివచ్చిరి. వారు వెడలిన పిమ్మట గబ్బిలములు లేచి ఎగురనారంభించెను; ఆ కలకలము గంటల తరబడి నిలిచెను. చూడబోయినవారు చూచినది నిద్రించుచున్న ప్రాణులనే. కనుక "మేమేమియు చేయలేదే" యని వారు ప్రమాణము చేసినను అందు అసత్యము లేదు.

అసత్యము లేని యీ మాటయే నన్ను కలవరపెట్టుచున్నది. పగలంతయు చాకిరిచేసి నడిరేయి కన్నుమూసిన కోడలిని మంచినీళ్లకని లేపు మామగారు ఆమెను కొట్టలేదు, తిట్టలేదు; "అమ్మాయీ" యని మెత్తగనే పిలిచినారు. నీళ్లు త్రాగి ఆయన మరల గురకపెట్టుదురు. ఆమెకు కోడికూత వరకు కన్ను మూతపడదు. మరునాటి యలసట ఎవరి పద్దులో వ్రాయుదము? ఆయన కంట పడలేదు గనుక ఆయన పద్దులో లేదు. అరుగుమీద పండుకొను పనిపిల్లవాని సంగతియు నింతే. హింసయనగా చేయెత్తుటయే యని మన మనుకొన్నంత కాలము ఇట్టి గృహములు అహింసాగృహములుగనే చెల్లుచుండును.

గబ్బిలమునకింత విచారమేల యని కొందరడుగవచ్చును. అది యిల్లు సొచ్చిన అరిష్టమని శాంతి చేయించువారు మనలో నేటికిని కలరు. వినుకొండలో జన్మించిన జాషువా 1941లో, గుడివాకిలి దాటరాదన్న మానవుని మొరను గుడిలో వ్రేలాడు గబ్బిలముచేతనే శివునకు చెప్పించెను. అరిష్టమన్న ప్రాణికున్న చనువు ఆ మానవునకు లేకపోయెను. ఎవరి కష్టము లెక్కకు వచ్చునో, ఎవరిది రాదో నిర్ణయించు మన అలవాటు ఎంత గ్రుడ్డిదో తెలియుటకు ఇదియే చాలును.

మరి లేపుటయే పాపమా? కాదు. గబ్బిలములు రెండు మూడు వారములకొకమారు తమంత తామే మేల్కొనును. ఆ ఖర్చు వాని లెక్కలోనిదే. లెక్కకు మించిన మెలకువయే ప్రాణాంతకము. 2006లో న్యూయార్కు రాష్ట్రపు గుహలో తొలుత కనబడిన తెల్లముక్కు తెగులు దీనికి నిదర్శనము. ఒక బూజు నిద్రించువాని ముక్కున రెక్కల పట్టి, మాటిమాటికి మేల్కొల్పును. క్రొవ్వు తరిగి, ఆకలితో మంచులోనికెగిరి లక్షలాది గబ్బిలములు మరణించెను. 2009లో తెగులు సోకిన రాష్ట్రముల గుహలలోనికి పోవలదని ప్రభుత్వమువారు ప్రజలను కోరిరి.

అయినను ఎన్ని మిగిలెనో తెలియుటకు ఎవరో ఒకరు లోనికి పోక తప్పదు. అట్టివారు పలుచోట్ల ఏటేట గాక రెండేండ్లకొకమారు, కొద్దిమందియే పోవుదురు. గుంపులను ఛాయాచిత్రము తీసికొని వెంటనే వెలుపలికి వచ్చి, పటములోని తలలను తీరికగా ఇంటికడ లెక్కించుకొందురు.