భయము వారసత్వమా?

"మా తండ్రి మమ్ముఁ గొట్టియే పెంచెను, మేము చెడితిమా?" యని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో గృహస్థులు పలుకుట మనము వినుచునే యున్నాము. చెడలేదనియే యొప్పుకొందము. అయినను తండ్రి యడుగుల చప్పుడునకు నాఁడు గుండె యదరిన తీరు నేఁటికిని మఱవలేకున్నాము. ఆ భయమునే బిడ్డల కప్పగించుట న్యాయమా?

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పదేండ్ల ప్రాయమునఁ దల్లిని గోల్పోయెను. మందమతి యనిపించుకొని బడిలో బెత్తపు దెబ్బలు దినెను. ఆయనయే పెద్దవాఁడై, భయమున్నచోట విద్య యుండదని జీవితాంతము బోధించెను. ఆ యూరి చేరువ రిషివ్యాలీ విద్యాలయ మాయన తలంపుననే వెలసినది. దెబ్బ తిన్నవాఁడు కొట్టువాఁడే కానక్కఱలేదు.

2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దండనను నిషేధించినది. అది యింటి గడప దాఁటి లోనికి రాదు. అచట మనస్సాక్షియే కావలి.

తల్లిదండ్రులను నిందించినంత మాత్రమున గాయము మానదు. వారును దెబ్బలు తిన్నవారే యని తెలిసికొనవలయును. తెలిసియు, వారు చేసినది తప్పేయని యొప్పుకొనవలయును. ఈ రెంటిలో నేది లోపించినను మన చేయి మరల లేచును. లేచిననాఁడు బిడ్డను దగ్గఱకుఁ దీసి "తప్పు నాది" యన్న తండ్రికి గౌరవము తఱుగదని మా యభిప్రాయము. ఆ మాట మనము నాఁడు వినఁగోరి విననిది. మన బిడ్డలకు మన మీయవలసిన యాస్తి యదియే.