సగం లాగిన ట్రిగ్గర్

2023 అక్టోబర్‌లో అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చిన కొద్ది రోజులకు జగిత్యాల నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. "అల్లుడా, ఐతారం వస్తున్నవు గదా, జర నన్ను ఠాణాకు తోల్కపో. సామాను అప్పజెప్పాలె" అన్నాడు. సామాను అంటే రివాల్వర్. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సుదారులు ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవడం మా దగ్గర మామూలే. మామ ఎన్ని ఎన్నికలకు ఓటు వేశాడో అన్నిసార్లు ఆ సామాను మోశాడు.

కారులో గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఊరుకోలేక అడిగాను: "ఎప్పుడన్నా పేల్చినవా మామా?"

"పేల్చలే. లాగిన. సగం దాక."

ఆ సగం గురించే ఈ వ్యాసం.

ముందు యంత్రం సంగతి చెప్పాలి. అది లేకపోతే నీతి సంగతి అర్థం కాదు. మామది ఇంకో లైసెన్సుదారు దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ .32 రివాల్వర్. ఇలాంటి రివాల్వర్లలో ట్రిగ్గర్ లాగడమంటే ఒక్క పని కాదు. స్ప్రింగు బలానికి ఎదురుగా వెనకున్న సుత్తిని పైకి లేపాలి, గుళ్ళున్న చక్రాన్ని ఒక గడి తిప్పాలి, చివర సుత్తిని వదలాలి. అన్నీ ఒక్క వేలే చెయ్యాలి. బాగా చేసిన రివాల్వర్‌కే ఇది బరువైన పని. లోపలి ముక్కలను సరిగా నునుపు చెయ్యకుండా, గుండు పేలకపోతుందేమోనని స్ప్రింగును మరీ గట్టిగా పెట్టి బిగించి పంపితే ఇక చెప్పక్కర్లేదు. లాగుతుంటే గరగరమంటుంది, మధ్యలో ఆగుతుంది, ఇంకా బలం పెడితే ఒక్కసారిగా జారిపోతుంది. మామ మాటల్లో "బిర్రుగుంటది." తుపాకీ బరువేమో కిలో లోపు. ట్రిగ్గర్ కోరే బలం ఐదారు కిలోలు. అలాంటప్పుడు ట్రిగ్గర్ కన్నా ముందు తుపాకే కదులుతుంది. గురి చూసింది ఒకచోట, గుండు పోయేది ఇంకోచోట.

అలాంటి తుపాకీతో జనం ఎలా వేగుతారు? కొందరు డమ్మీ గుళ్ళు వేసి రోజూ లాగుతూ వేలికి బలం తెచ్చుకుంటారు. కొందరు మెకానిక్‌కు ఇచ్చి లోపల పాలిష్ పట్టించి, మెత్తటి స్ప్రింగు వేయిస్తారు. స్ప్రింగు మరీ మెత్తనైతే సుత్తి దెబ్బ చాలక గుండు పేలదు. అరగదీయడం ఎక్కువైతే చెయ్యి జారి పడ్డా పేలుతుంది. పైగా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు రిపేరు చేసేవాళ్ళకూ లైసెన్సు ఉండాలి. ఆకురాయి పట్టుకున్న ప్రతివాడికీ ఇచ్చేది కాదు. మిగిలింది అందరూ నేర్పే చిట్కా. సుత్తిని మా దిక్కు ఘోడా అంటారు. ఆ ఘోడాను ముందే బొటనవేలితో వెనక్కి లాగి నిలబెడితే, బరువైన పని అక్కడే అయిపోతుంది. ఇక ట్రిగ్గర్ చెయ్యాల్సింది వదలడం ఒక్కటే. వేలు అలా ఆనిస్తే చాలు. మామకు తుపాకీ అమ్మినాయన కూడా ఇదే నేర్పాడు: "ముందుగాల ఘోడా ఎక్కియ్యి పటేలా, తర్వాత అంత అదే సూస్కుంటది."

1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ దాకా మా ఊళ్ళలో రాత్రి తలుపు తట్టిన చప్పుడంటే భయమే. అన్నలు కావచ్చు, పోలీసులు కావచ్చు, దొంగలు కావచ్చు. తొంభైల్లో మామకు రైసు మిల్లుండేది. రెండు బెదిరింపులు వచ్చాక లైసెన్సు తీసుకున్నాడు. ఒక రాత్రి మిల్లు గదిలో పడుకున్నాడు. కరెంటు లేదు. బయట గాలి, ఉరుములు. తలుపును ఎవరో గట్టిగా బాదుతున్నారు. గొళ్ళెం ఊడి తలుపు తెరుచుకుంది, గడపలో ఒక మనిషి నీడ. మామ దిండు కింది తుపాకీ తీసి నీడ మీదికి చాపి ట్రిగ్గర్ లాగాడు. ఘోడా ఎక్కించడం మరిచిపోయాడు. వేలు బిగుసుకుంది, చెయ్యి వణికింది, ట్రిగ్గర్ సగం దాకా వచ్చి మొరాయించింది. అంతలో, "పటేలా, నేనే! వడ్లు తడుస్తున్నయి, టార్పాలిన్ల గది తాళంచెయ్యి ఇయ్యి" అని గొంతు వినిపించింది. మిల్లులో హమాలీ. మామ వేలు వదిలేశాడు. చీకట్లో ఆయన చేతిలో ఏముందో హమాలీ చూడలేదు.

కారులో ఇది విని నేను వెంటనే, "మంచిదైంది మామా, ట్రిగ్గర్ బిర్రుగుండుడే మంచిదైంది" అన్నాను. నా వృత్తి అలా అనిపించింది. సాఫ్ట్‌వేర్‌లో మేం ప్రమాదకరమైన పనులకు కావాలనే బరువు పెడతాం. డేటాబేస్ తుడిచెయ్యాలంటే ఒక్క క్లిక్ చాలదు, దాని పేరు మొత్తం టైపు చెయ్యమంటాం. ఆ నాలుగు సెకన్లలో మనిషికి బుద్ధి వస్తుందని ఆశ. మామ రివాల్వర్‌లోని లోపం కూడా అలాంటి నాలుగు సెకన్లే ఇచ్చిందనుకున్నాను.

మామ ఒప్పుకోలేదు. "అది ఆగింది. నేను ఆగలే" అన్నాడు.

ఈ మాటకు తత్వశాస్త్రంలో ఒక పేరుంది: నైతిక అదృష్టం. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఈ పేరు మీదే వ్యాసాలు రాశారు. నేగెల్ ఉదాహరణల్లో ఒక లారీ డ్రైవర్ ఉంటాడు. బ్రేకులు చూపించుకోకుండా బండి తీశాడు. దారిలో పిల్లవాడు అడ్డం వస్తే జీవితాంతం కుమిలిపోతాడు. రాకపోతే ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాడు. చేసిన తప్పు ఒక్కటే, తేడా తెచ్చింది పిల్లవాడు రావడమో రాకపోవడమో. మామ రెండో డ్రైవర్. అయితే అన్నం తిని పడుకోలేకపోయాడు. మర్నాడే గుళ్ళన్నీ తీసి విడిగా బీరువాలో పెట్టాడు, మళ్ళీ వెయ్యలేదు. ఖాళీ తుపాకీనే ఇన్నేళ్ళూ రెన్యువల్ చేయించుకుంటూ వచ్చాడు.

నా వాదన మీద నాకే అనుమానం మొదలైంది. బరువైన ట్రిగ్గర్ నిజంగా మనిషిని ఆపుతుందా? న్యూయార్క్ పోలీసులు పొరపాటు కాల్పులు తగ్గాలని తమ గ్లాక్ పిస్టళ్ళకు సుమారు 12 పౌండ్ల ట్రిగ్గర్ పెట్టించుకున్నారు. కంపెనీ మామూలుగా ఇచ్చేది ఐదున్నర పౌండ్లది. 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 గుళ్ళు కాల్చారు. అతను చనిపోయాడు. దారినపోయే 9 మంది ఆ పోలీసు గుళ్ళకో, వాటి ముక్కలకో గాయపడ్డారు. అంతా ట్రిగ్గర్ వల్లే అని తేల్చలేం గానీ, ఆ బరువు గురిని చెడగొడుతుందన్న విమర్శ అప్పుడు గట్టిగానే వచ్చింది. కాల్చాలని నిశ్చయించుకున్నవాణ్ణి బరువు ఆపలేదు. గుండును మాత్రం పక్కకు నెట్టగలదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ క్రీడ. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. పోటీకి ముందు బరువు వేలాడదీసి పరీక్షిస్తారు. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ఆ కనీస పరిమితి కూడా లేదు. అంత తేలికైన ట్రిగ్గర్లతో ప్రమాదం ఎందుకు జరగదు? బరువంతా బయట ఉంటుంది గనుక. తుపాకీ ఎప్పుడు ముట్టాలి, గొట్టం ఎటు ఉండాలి, ఎవరు ఆదేశమిస్తే గుండు వెయ్యాలి, ఎవరు ఆగమంటే ఆగాలి, అన్నిటికీ నియమముంది. బరువు ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే. అది ఇనుములో ఉందా, మనుషుల మధ్య ఉందా అన్నదే ప్రశ్న.

ఆ తర్వాత వచ్చిన నాగోబా జాతరకు కేస్లాపూర్ పోతూ ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగాను. 1981 ఏప్రిల్ 20న సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన చోటు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. జనం చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. అక్కడ నిలబడితే ట్రిగ్గర్ బరువు గురించి మాట్లాడటం చిన్నతనంగా తోచింది. జనం మీద కాల్పులకు చట్టం కూడా ఒక బరువు పెట్టింది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 129వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటో స్టేషన్ అధికారో వెళ్ళిపొమ్మని ఆదేశించవచ్చు, వినకపోతేనో, కదిలేది లేదని తీరుతోనే తేల్చి చూపితేనో బలప్రయోగం. కానీ అదే కోడ్‌లో 132వ సెక్షన్ ఉంది. ఆ పేరుతో చేసిన పనికి ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరి మీదా కేసు నడపకూడదంటుంది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ రక్షణ కొనసాగుతోంది. మామకు నేర్పిన చిట్కా నాకు గుర్తొచ్చింది. ఘోడా ముందే ఎక్కించి పెట్టడమంటే ఇదే. బరువైన పని ఎవరో ముందే చేసిపెడతారు. చివరి వేలికి మిగిలేది ఆనించడమే.

ఆలోచిస్తే మా ఆఫీసులోనూ అంతే. డేటాబేస్ పేరు టైపు చెయ్యమంటే మేం కాపీ చేసి అతికిస్తాం. ఆ పని కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేది కూడా మేమే. నేనే ఒకసారి అలా అతికించి, పోగూడని టేబుల్‌ను తుడిచేశాను. బ్యాకప్ ఉంది కాబట్టి ఉద్యోగం నిలిచింది. బయటి నుంచి పెట్టిన ప్రతి బరువుకూ మనుషులు ఒక దొంగదారి వెతుక్కుంటారు. కొన్నాళ్ళకు ఆ దొంగదారే అనుభవజ్ఞుల సలహా అయిపోతుంది. అందుకని బరువు వద్దనను. మామ ట్రిగ్గర్ తేలిగ్గా ఉంటే ఆ హమాలీ బతికి ఉండేవాడు కాడు. కానీ అది ప్రాణం కాపాడిందే తప్ప మామను మంచివాణ్ణి చెయ్యలేదు. ఆ రెండూ వేరని మామకు ఆ రాత్రే తెలిసింది. నాకు తెలియడానికి ఇంద్రవెల్లి దాకా పోవాల్సి వచ్చింది.

ఠాణా నుంచి తిరిగొస్తూ మామ ఒక మాట అడిగాడు. "సదువుకున్నోనివి గదా, చెప్పు. వానికి చెప్పాల్నా, వద్దా?" ఆ హమాలీ ఇప్పుడు ముసలివాడు. మిల్లు అమ్మేసినా రోజూ మామ ఇంటికి వస్తాడు, అరుగు మీద కూచుని చాయ్ తాగుతాడు. "చెప్తే నా బరువు దిగుతది. వానికెక్కుతది" అన్నాడు మామ. ఆ పూట నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఉంది. చెప్పాలి. ఇన్నేళ్ళ స్నేహంలో ఒక్కడికే తెలిసిన విషయం ఉన్నప్పుడు, క్షమించాలో వద్దో తేల్చుకునే హక్కు రెండోవాడికి లేకుండా పోతుంది. ఆయనకు బరువెక్కుతుందని మామే నిర్ణయించడం మళ్ళీ ఆయన తరఫున మామ తీసుకున్న నిర్ణయమే. ఇది ఫోన్లో చెప్పాను. మామ చాలాసేపు మాట్లాడలేదు.

డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాక మామ రివాల్వర్ తెచ్చుకోలేదు. లైసెన్సు రద్దు చెయ్యమని దరఖాస్తు పెట్టాడు. హమాలీకి మాత్రం ఇంకా చెప్పలేదు. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు ఆయన అరుగు మీదే ఉన్నాడు. "ఏం బిడ్డా, మంచిగున్నవా?" అని పలకరించాడు. మామ లోపలి నుంచి రెండు చాయ్‌లు తెచ్చి, ఒకటి ఆయన చేతిలో పెట్టి పక్కనే కూచున్నాడు. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను. ఆ పని నా ముందర జరగాల్సింది కాదు.