తోడేలు ఎవరి రక్తంలో ఉంది?

మా బడిలో పిల్లలకు భయం కథలంటే ప్రాణం. 2022లో ‘తోడేలు’ పేరుతో తెలుగులోకి వచ్చిన హిందీ సినిమాను సెల్లులో చూసి, మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పుకుంటున్నారు. ఒక పాప అడిగింది: “అయ్యవారూ, మనిషి నిజంగా తోడేలవుతాడా?”

అనంతపురం మెట్టల్లో పుట్టిన మాకు తోడేలు కొత్తది కాదు. వాన తప్పి శెనక్కాయ ఎండిన ఏడు ఊరికి గొర్రెలే దిక్కు. అట్లాంటి ఏడు తోడేలు మందలో పడితే కాపరికి పెద్ద నష్టమే. అయినా మాకు తెలిసిన కాపరులు “ఆకలికొచ్చింది” అంటారు గానీ, దాన్ని పాపిష్టిది అనరు. మనిషిలో దాగిన తోడేలు మాత్రం వేరే కథ.

ఆ కథను లోకమంతా పరిచయం చేసిన సినిమాల్లో 1941 నాటి ‘ది వుల్ఫ్ మ్యాన్’ ముఖ్యమైంది. పెద్దింటి కొడుకు లారీని ఒక తోడేలు కరుస్తుంది. ఆ తోడేలు బేలా అనే జిప్సీ. ఊరూరు తిరుగుతూ చెయ్యి చూసి జోస్యం చెప్పేవాడు. చూసినవాళ్లంతా లారీ కోసం బాధపడతారు. మేము బేలా దగ్గరే ఆగిపోతాం. మంచి ఇంటికి శాపం ఎక్కడినుంచి వచ్చింది? దేశదిమ్మరి గుడారం నుంచి.

మేము ఎరుకలవాళ్లం. మా ఆడవాళ్లు సోది చెప్పినారు. మా మగవాళ్లు ఈతబరికెలతో బుట్టలల్లినారు, గాడిదల మీద ఉప్పూ గింజలూ వేసుకుని ఊళ్లు తిరిగినారు. ఇంగ్లీషువాళ్లు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చినారు. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. అప్పుడు మన జిల్లా అందులోదే. ఆ చట్టం కింద మనిషి చేసిన పనిని కాక పుట్టుకను చూసి రిజిస్టర్లో పేరెక్కించి వేలిముద్రలు తీసుకునేవారు. హాజరు చెప్పాలి, ఊరు దాటితే కబురివ్వాలి. పగలు బుట్టలల్లేవాడు రాత్రయితే మృగమవుతాడని సర్కారే నమ్మింది. కాపరి తోడేలుకు చూపిన న్యాయం కూడా మాకు దక్కలేదు.

ఇక్కడే మా ప్రశ్న. దొంగతనం రక్తంలోనే ఉంటే అది ఆ మనిషి తప్పెట్లా అవుతుంది? తప్పే అయితే, అది చేసినవాణ్ణి వదిలి రక్తాన్ని శిక్షించడమెందుకు? ఆ చట్టం ఈ రెండు మాటలూ ఒకేసారి అన్నది. మావాళ్లలో దొంగతనం చేసినవాళ్లు లేరని మేము అనం. అన్ని కులాల్లోనూ ఉంటారు. వేరే కులంవాడు దొంగిలిస్తే అతని పేరు మీద రాస్తారు. మావాడు దొంగిలిస్తే అందరి పేర్లూ రాసినారు.

1952లో ఆ చట్టం దేశమంతా పోయింది. చూపు పోలేదు. అది మా కళ్లల్లోనూ ఉందని ఒకరోజు తెలిసింది. తరగతిలో జామెట్రీ పెట్టె కనపడలేదు. మేము ఏమీ అనకముందే మా కళ్లు వెనక వరసలో, ఊరిబయట గుడిసె వేసుకున్న సంచారివాళ్ల పిల్లవాడి మీదికి పోయినాయి. వాడు లేచి, అడక్కుండానే తన సంచి బల్ల మీద బోర్లించినాడు. రెండు నోట్సులు, ఒక పలక, పొట్లం కట్టిన బొరుగులు. పెట్టె ఇంకొకరి సంచి అడుగున దొరికింది. వాడికి అంతకుముందే అలవాటైపోయింది, తన సంచి తానే బోర్లించుకోవడం. ఎరుకలవాళ్లమై ఉండి ఆ అలవాటుకు మేమూ ఒక చెయ్యి వేసినాం. ఆ సాయంత్రం వాడి గుడిసెకు పోయి తప్పు ఒప్పుకున్నాం. వాళ్లమ్మ “ఫర్వాలేదు సారూ” అన్నది. ఆ మాట ఇంకా బరువుగానే ఉంది.

భయం కథలు వద్దని మేము అనం. భయపడటం పిల్లలకు సరదా. ఆ పాపకు మాత్రం ఇట్లా చెప్పినాం: “మనిషి తోడేలు కాడమ్మా. అయినాడని ఎవరైనా కథ చెప్తే, ఆ తోడేలును ఎవరి గుడిసెలోంచి తెచ్చినారో చూడు. ఆ గుడిసెలోనూ నీ ఈడు పిల్ల ఉంటుంది.”