సంతానం లేని పితరులు

నాగాలాండ్ రాజధాని కోహిమాలో, ఊరి నడుమ కొండవాలున, మెట్లు మెట్లుగా దిగే సైనికుల శ్మశానం ఉంది. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా భారత, బ్రిటిష్ సేనలు జపాన్ సైన్యాన్ని నిలువరించింది ఇక్కడే. అప్పట్లో ఆ కొండ మీద డిప్యూటీ కమిషనర్ బంగళా, దాని పక్కన టెన్నిస్ కోర్టు ఉండేవి. కోర్టుకు చెరో వైపు గోతులు తవ్వుకుని, మధ్య ఉన్న ఆ కాస్త జాగా మీదుగా గ్రెనేడ్లు విసురుకున్నారు. బంగళా మిగల్లేదు. కోర్టు గీతలను మాత్రం తెల్లటి కాంక్రీటుతో గుర్తుగా నిలిపారు. చుట్టూ సమాధులు.

అక్కడ మట్టిలో ఉన్నవాళ్లు 1,420 మంది. చిన్న రాతి మీద కంచు పలక, దాని మీద పేరు, హోదా, దళం, పోయిన తేదీ, చాలావాటి మీద వయసు కూడా. ఆ వయసులు చదవడమే కష్టం. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు.

అదే శ్మశానంలో మరో స్మారకం ఉంది. దాని మీద 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు. వాళ్లను దహనం చేశారు కనుక సమాధి లేదు, పేరే ఉంది. నన్ను వదలకుండా ఆలోచింపజేసేది ఈ పేర్లే.

దహనం చేసే ఇళ్లలో పోయినవాళ్లకంటూ ఒక చోటు ఉండదు. అస్థికలు ఏట్లో కలిపాక వాళ్లు మిగిలేది పేరులో, గోత్రంలో, కొడుకు వదిలే నువ్వులనీళ్లలో. అదీ మూడు తరాల వరకే. తండ్రి, తాత, ముత్తాత. ఇది నాకు సబబుగానే తోస్తుంది. బతికున్నవాళ్ల మీద పోయినవాళ్ల భారం అంతకు మించి ఉండకూడదు. కానీ ఈ లెక్కంతా కొడుకున్నాడనే ధీమా మీద నడుస్తుంది. పెళ్లైనా కాకుండా కోహిమాలో కూలిపోయిన కుర్రాడు ఎవరికి తాత?

మన పెద్దలు దీని గురించి ఆలోచించే ఉన్నారు. భీష్ముడికి పిల్లలు లేరు. మాఘ శుద్ధ అష్టమినాడు ఆయనకు తర్పణం విడుస్తారు. మామూలుగా తండ్రి ఉండగా కొడుకు తర్పణం జోలికి పోడు. భీష్ముడికి మాత్రం తండ్రి ఉన్నవాళ్లూ విడవచ్చంటారు. యుద్ధంలో నేలకొరిగిన నిస్సంతుకు లోకమంతా కొడుకు వరస అయింది. ఇంతకంటే గొప్ప యుద్ధ స్మారకం నేను ఎరగను.

ఇంగ్లీషువాడి తరఫున పోరాడినవాళ్లను మనమెందుకు తలుచుకోవాలని అడిగేవాళ్లున్నారు. భీష్ముడు మాత్రం ఎవరి పక్షాన పోరాడాడు? కౌరవుల పక్షానే కదా! అయినా నీళ్లు ఇస్తూనే ఉన్నాం. జపాన్ చేసిన ఆ దండయాత్రలోనే దాని వైపు నిలిచి ప్రాణాలు విడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులకూ ఆ నీళ్లు చెందాలి.

అందరి పేర్లూ రాతికెక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఎందరో భారతీయ, ఆఫ్రికా సైనికులను సమానంగా స్మరించలేదని ఈ శ్మశానాలను చూసుకునే కామన్వెల్త్ సంస్థే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పేరు దక్కడం ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు మరింత తెలిసొచ్చింది.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లున్నాయి. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. అలా వెళ్లి తిరిగిరాని చిన్నతాత మీ ఇంటి మాటల్లోనూ ఎక్కడో ఉండి ఉంటాడు. ఆ కామన్వెల్త్ సంస్థ రికార్డులు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, పేరు కొట్టి వెతకొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఆయన పూర్తి పేరు అడిగి రాసి పెట్టుకోండి.