శనివారం రాత్రి వాచీ



ఆదివారం ఆరాధనకు ముందు, శనివారం రాత్రి నా వాచీ కడుక్కోవడం నాకు అలవాటు. మూడేళ్ల క్రితం బోనస్ వచ్చినప్పుడు కొన్న ఒమేగా సీమాస్టర్ అది. 300 మీటర్ల లోతు వరకూ నీళ్లు చొరబడవని దాని మీద ఉంటుంది. అయినా ముందు టైము మార్చే క్రౌన్‌ను పూర్తిగా తిప్పి బిగించాలి. అది వదులుగా ఉంటే ఆ 300 మీటర్లకు అర్థం లేదు. తర్వాత గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, పసిపిల్లల టూత్‌బ్రష్, ఆఖర్న మెత్తటి గుడ్డ. వేడినీళ్లు వాడితే లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి. ఏళ్లు గడిస్తే ఆ రబ్బరు ఎలాగూ గట్టిపడుతుంది. కాబట్టి పాత వాచీని ప్రెజర్ టెస్ట్ చేయించకుండా నీళ్లలో పెట్టకండి. తోలు పట్టీ ఉంటే విప్పేయండి.

స్టీలు గొలుసు సందుల్లోంచి నల్లటి మడ్డి వస్తుంది. చాలావరకు నా చెమట, నా చర్మమే. వదిలేస్తే దుమ్ముతో కలిసి ఆకురాయిలా లింకుల్ని అరగదీస్తుంది. దేవుడిచ్చినదాన్ని జాగ్రత్తగా చూసుకోవడం మంచి గృహనిర్వాహకత్వమే కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ మాత్రం మా కారు వెనక సీటు చూపించి నవ్వుతుంది.

పోయిన నెల నాన్నగారు గుంటూరు నుంచి వచ్చారు. సింకు దగ్గర నన్ను చూసి, "ఎంతరా అది?" అన్నారు.

"రెండొందల డాలర్లు నాన్నా."

"వాచీకి అన్ని వేలా!" అన్నారాయన.

నిజానికి దానికి ఎన్నో రెట్లు. మాట తడబడలేదు, అదే నన్ను భయపెట్టింది. ఆ బోనస్‌లో దశమభాగం ఇచ్చాకే వాచీ కొన్నాను. అందుకని మిగతా తొమ్మిది భాగాల గురించి ఎవరూ అడగనక్కర్లేదు అనుకున్నాను. కొనడం తప్పు కాకపోతే నాన్నకెందుకు దాచాను? తప్పయితే మందిరానికెలా పెట్టుకెళ్తున్నాను? సంఘంలో చొక్కా చేతులు పైకి మడుస్తాను, నాన్న ముందు కిందికి దించుతాను. ఖరీదైన వస్తువు ఉండొచ్చా లేదా అని యూత్ మీటింగులో చాలాసార్లు వాదించుకున్నాం. ఈ చొక్కా చేతుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.

ఆ రాత్రి ఆయన తన హెచ్‌ఎంటీ జనతా విప్పి, "దీన్నీ కడగరా" అన్నారు.

"వద్దు నాన్నా, లోపలికి నీళ్లు పోతాయి" అని పొడిగుడ్డతో తుడిచిచ్చాను. ఆయన కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ కట్టుకున్నారు.

గురువారం ఆయన ఫ్లైటు. అసలు ధర ఇంకా చెప్పలేదు.