చేతులెత్తితే సమ్మతమేనా?

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీలలో ఒక్కరోజే గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ నిధులతో చేయదలచిన పనులకు ఆ సభలు ఆమోదం తెలిపాయి. అక్టోబరు 14న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘పల్లె పండుగ’ పేరిట ఆ పనులను కంకిపాడులో ప్రారంభించారు: ముప్పయి వేల పనులు, 4,500 కోట్ల రూపాయలు.

ప్రజలు ఒప్పుకున్నారు గదా, ఇక పేచీ దేనికంటారా? ఒప్పుకోవడమంటే ఏమిటన్నదే పేచీ.

73వ రాజ్యాంగ సవరణ ప్రకారం వూరి వోటర్లందరూ కలిస్తేనే గ్రామసభ. కాగితం మీద మోతుబరీ, కూలీ సమానులే. కాని కౌలు ఇవ్వవలసిన ఆసామీ ముందు వరసలో కూర్చుని వుండగా, వెనక నిలబడ్డ కౌలుదారు ‘ఆ రోడ్డు తర్వాత, ముందు మా పేటకు మురుగుకాలవ’ అని నోరు విప్పగలడా? విప్పకపోతే ఆ మౌనం తీర్మానాల పుస్తకంలో ‘ఏకగ్రీవం’ అవుతుంది. కింద అతని వేలిముద్ర గూడా పడుతుంది!

2005 నాటి ఉపాధి హామీ చట్టం సామగ్రి ఖర్చు నలభై శాతం మించరాదన్నది. సిమెంటు రోడ్డు ఖర్చంతా దాదాపు అక్కడే. రోడ్డు వద్దని నేననను. బురదలో పిల్లలు బడికి పోవడం ఎవరికి ముద్దు? రోడ్డా, కూలిపనా, ఏది ముందు అని కూలివాణ్ణి అడిగారా అన్నదే ప్రశ్న.

అట్లా అడిగిన సందర్భం పొరుగున ఒడిశాలో వున్నది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు మీద నియమగిరి కొండల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట, పన్నెండూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. 2014లో కేంద్రం అనుమతి నిరాకరించింది.