అందరి గోడ మీద ఎవరి చరిత్ర?

మ్యూజియంలోని బొమ్మను చూడాలనుకున్నవాళ్లే వెళ్లి చూస్తారు. వీధి గోడ మీది బొమ్మ ఆ దారిన పోయే ప్రతి ఒక్కరి కంటా పడుతుంది, వాళ్లకు ఇష్టమున్నా లేకున్నా. పలు జాతులవాళ్లు, మతాలవాళ్లు పక్కపక్కన బతికే పేటలో ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. అందరి గోడ మీద ఎవరి కథ ఎక్కాలి? ఒకరి బాధను మరొకరు గీయవచ్చా?

ఈ ప్రశ్నలకు ఆచరణలో జవాబు వెతికిన కుడ్యచిత్రం గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజెలెస్. అమెరికాలో శాన్ ఫెర్నాండో వ్యాలీ గుండా పారే టుజుంగా వాగుకు వరద భయంతో కాంక్రీటు గోడలు కట్టారు. ఆ గోడ మీద సుమారు అర మైలు పొడవున కాలిఫోర్నియా చరిత్ర పరుచుకుని ఉంది. మెక్సికన్ మూలాలున్న చిత్రకారిణి జూడీ బాకా ఆధ్వర్యంలో 1976లో పని మొదలైంది. వాగు ఎండిన వేసవుల్లోనే రంగులు వేయడం కుదిరేది కనుక, 1983 దాకా ఐదు వేసవులు పట్టింది. 400 మందికి పైగా పిల్లలు, పెద్దలు చేయి వేశారు. తొలి వేసవిలో వచ్చిన కుర్రవాళ్లలో చాలామంది నేర న్యాయ శాఖ పంపగా వచ్చినవాళ్లే. వేర్వేరు జాతుల పేటల నుంచి వచ్చిన వీళ్లంతా ఒకే పరంజా మీద నిలబడి రంగులు పూశారు.

రంగు కంటే ముందు చదువు, చర్చ నడిచాయి. చరిత్రకారులు వచ్చి చెప్పారు, ఆ రోజులు చూసినవాళ్లు తమ అనుభవాలు వినిపించారు. 1930లలో మెక్సికన్ కుటుంబాలను దేశం నుంచి వెళ్లగొట్టడం, రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను శిబిరాల్లో నిర్బంధించడం, యూదు శరణార్థులను ఒడ్డుకు రానివ్వకపోవడం ఆ గోడకెక్కాయి. 1950ల ఘట్టం దగ్గర కాసేపు ఆగి చూడాలి. హైవేలు పాముల్లా మెలికలు తిరుగుతూ ఒక మెక్సికన్ కుటుంబాన్ని చుట్టేసి విడదీస్తుంటాయి. పైన ఆకాశంలోంచి డాడ్జర్ బేస్‌బాల్ స్టేడియం ఎగిరే పళ్లెంలా దిగుతుంటుంది. లాస్ ఏంజెలెస్‌లోని చావెజ్ రవీన్ పేటలో ఇళ్లు ఖాళీ చేయించిన నేల మీదే తర్వాత ఆ స్టేడియం లేచింది. ఊరి పెత్తనం మీద ఇంత సూటి ఆరోపణను ఊరి గోడ మీదే వేయగలగడం చిన్న విషయం కాదు.

బాధపడ్డవాళ్లే తమ బాధను చెప్పాలన్న వాదంలో న్యాయముంది. ఇతరుల చేతుల్లో ఆ కథ ఎన్నోసార్లు వక్రించింది. అయితే ఆ వాదాన్ని చివరిదాకా లాగితే ఎవరి గోడ వాళ్లదే అవుతుంది, ఉమ్మడి గోడంటూ మిగలదు. రాజకీయ తాత్వికురాలు హన్నా ఆరెంట్ 1958లో వెలువరించిన 'ది హ్యూమన్ కండిషన్'లో ఈ చిక్కును విప్పే ఆలోచన ఉంది. ఉమ్మడి లోకం నిలవాలంటే అందరి చూపూ ఒకటి కానక్కర్లేదు. ఎవరి చోటు నుంచి వాళ్లు చూస్తున్నా, చూసేది ఒకే వస్తువై ఉండాలి. టుజుంగా గోడ దగ్గర జరిగింది అదే. తనది కాని కథను గీసే హక్కు అక్కడ వినడం వల్ల, కలిసి ఒళ్లు వంచడం వల్ల సంపాదించుకున్నది.

దీనికి భిన్నమైన ఉదాహరణ న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో శిల్పి రిచర్డ్ సెర్రా 1981లో నిలిపిన 'టిల్టెడ్ ఆర్క్'. 120 అడుగుల ఉక్కు పలక ఆ ఆవరణను అడ్డంగా కోసేసింది. అక్కడి ఉద్యోగుల్లో చాలామంది దాన్ని సహించలేకపోయారు. 1985లో బహిరంగ విచారణ జరిగింది. ఉంచాలన్నవాళ్లే ఎక్కువమంది సాక్ష్యమిచ్చినా, 1989లో దాన్ని తొలగించారు. ఆ శిల్పం గొప్పదే కావచ్చు. రోజూ దాన్ని చుట్టి నడవాల్సినవాళ్ల మాట మాత్రం అది లేచాకే విన్నారు. వినడంలో ఆలస్యమైతే అటు కళాకారుడికీ ఇటు జనానికీ అన్యాయమే.

కలిసి వేసినంత మాత్రాన దోషాలుండవని కాదు. చర్చలో గొంతు పెంచలేనివాళ్ల కథ జారిపోవచ్చు, రాజీ కోసం బొమ్మలో పదును తగ్గవచ్చు. అలాంటి గోడను పూర్తయిందని వదిలేయకుండా, కొత్తవాళ్లు వచ్చి కలపడానికి చోటుంచాలి. గ్రేట్ వాల్‌ను 2017లో అమెరికా చారిత్రక స్థలాల జాతీయ పట్టికలో చేర్చారు, అయినా అది పూర్తయిందనుకోలేదు. 1950ల దగ్గర ఆగిన కథను ముందుకు తీసుకుపోవడానికి 2021లో మెలన్ ఫౌండేషన్ 50 లక్షల డాలర్లు ఇచ్చింది.